గృహవిజ్ఞానము: టెస్టరులోని ఎఱ్ఱని మినుకు

గతమాసపు సంచికలో మేము వంటింటి పొగను గూర్చి వ్రాసితిమి. దానిపై వచ్చిన జాబులలో ఒకటి మాత్రము పొగను విడిచి వేఱొక సంగతి నడిగినది. ఆ సోదరి యిట్లు వ్రాసినది: "విద్యుత్తు ఉన్నదో లేదో చూచుటకు మా యింట టెస్టరు అను పనిముట్టు కలదు. దాని మొనను తీగకు తాకించి, తలపై వ్రేలుంచినచో లోపల ఎఱ్ఱని వెలుగు కనబడును. వ్రేలు తీసినచో ఆరిపోవును. లోపల వెలుగునది యేమి? నా వ్రేలితో దానికేమి పని? అడిగినచో మా యింటివారు 'ఆ గొడవ నీకెందుకు, అవతలికి జరుగు' మందురు. మీరైనను చెప్పెదరా?"

తప్పక చెప్పెదము. ఏలయన, ఈ ప్రశ్నను సకాలమున ఎవరును అడుగకపోవుటచేతనే గత వర్షర్తువులో మా యింట ఒక పెద్ద ఆపద వెంట్రుకవాసిలో తప్పినది. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట ఆ వెలుగు కథలోనికి వచ్చెదము.

మా తోడికోడలు చుఱుకైన మనిషి. ఇంటిలో చిన్న మరమ్మతు ఏది వచ్చినను పనివానికొఱకు కాచుకొనక తానే చేసికొనును. ఆనాడు వంటింటి దీపపు హోల్డరులో తీగ యొకటి వదులైనది. రాత్రి యంతయు వాన కురిసి, ఉదయమున ఎండ కాసినది. ఆమె స్విచ్చి ఆపి, బల్బు తీసి, రబ్బరు చెప్పులతోనే చెక్క స్టూలుపై నెక్కి, టెస్టరును తీగకు తాకించి చూచినది. వెలుగు రాలేదు, రాలేదని యామె తలచినది. తీగను చేతబట్టి మరను బిగింపబోయినది. అంతలో స్టూలు కొంచెము కదలుటచే రెండవచేతిని ప్రక్కగోడకు ఆనించినది. అది వానకు నానిన గోడ. మఱుక్షణమున కేకవేసి క్రిందబడినది.

మేము పరుగెత్తి వెళ్లునప్పటికి ఆమె నేలపై కూలబడి, చేయి పట్టుకొని వణకుచుండెను. మా అత్తగారు ఆమె తలను ఒడిలో పెట్టుకొని దేవుని తలచుకొనుచుండిరి. వెంటనే వైద్యుని యొద్దకు గొనిపోయితిమి. మణికట్టు బెణికినదనియు, వ్రేలికొన కాలినదనియు, గుండెకు మాత్రము భయము లేదనియు ఆయన చెప్పిన పిదపగాని మాకు ఊపిరి ఆడలేదు. ఆ రాత్రి ఆమె మాతో మెల్లగా ఇట్లనినది: "అక్కయ్యా, టెస్టరులో కొంచెము మినుకుమన్నట్లే తోచినది. కిటికీలోనుండి వచ్చిన ఎండతళుకు కాబోలునని ఊరకుంటిని."

మఱునాడు పని తెలిసినవానిని పిలిపించి చూపగా, పూర్వమెవరో తీగలు బిగించునప్పుడు స్విచ్చిని ఫేజు తీగకు పెట్టుటకు బదులు న్యూట్రలు తీగకు పెట్టిరని తేలినది. అందుచే స్విచ్చి ఆపినను హోల్డరు వఱకు విద్యుత్తు వచ్చుచునే యున్నది. టెస్టరు అబద్ధమాడలేదు. ఆమె చూచిన మినుకు నిజమైన మినుకే. దానిని లెక్కలోనికి తీసికొనకపోవుటయే ముప్పు తెచ్చినది.

ఆ టెస్టరులో వెలుగు వాయువు పేరు నియాను. హీలియము, ఆర్గాను, క్రిప్టాను, జీనాను, రాడాను అనునవి దాని తోబుట్టువులు. ఇతర పదార్థములతో సామాన్యముగా కలియవు కావున వీనిని జడవాయువులందురు. ఈ కుటుంబము మానవులకు తెలిసిన చరిత్ర చదువునప్పుడెల్ల మాకు మా తోడికోడలి మాటయే జ్ఞప్తికి వచ్చుచుండును. ఏలయన, అందఱును 'ఇది యేమో లే' అని విడిచిన చిన్న చిన్న సంగతులను ఎవరో యొకరు విడువక పట్టుకొనుటచేతనే ఈ వాయువులు బయటపడినవి. మొదట కంటబడినది హీలియము. ఆ కథలో మన గుంటూరునకును కొంత పాలు కలదు.

1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దాని నీడ తెలుగుదేశము మీదుగా సాగినది. మన పెద్దలు నిలువపదార్థములపై దర్భలు వేసి విడుపుస్నానమునకై వేచియుండు వేళ, దూరదేశములనుండి వచ్చిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు దుర్భిణులు నిలిపి ఆకాశము వంక చూచుచుండిరి. ఫ్రాన్సు దేశీయుడైన జాన్సెను గుంటూరులో విడిసెను. మద్రాసు నక్షత్రశాలాధిపతియైన పాగ్సను మచిలీపట్టణమునకు వచ్చెను. సూర్యబింబము చంద్రునిచే పూర్తిగా కప్పబడినప్పుడు అంచులయందు లేచు ఎఱ్ఱని జ్వాలలు ఏ పదార్థముతో నైనవో తెలిసికొనుట వారి కోరిక.

అంత దూరపు జ్వాలలో నేమున్నదో ఇక్కడనుండి యెట్లు తెలియునని యడుగవచ్చును. మన వంటింటనే దానికి ఉదాహరణము కలదు. గ్యాసుపొయ్యిమీద పప్పు పొంగి, ఉప్పునీరు మంటపై పడినప్పుడు నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చనగును. అది ఉప్పులోని సోడియము రంగు. ఆ వెలుగును గాజుపట్టకము గుండ చూచినచో ఇంద్రధనుస్సు వలె అన్ని రంగులును పఱచుకొనక, పసుపుచోట ప్రక్కప్రక్కన రెండు సన్నని గీతలు ముఖ్యముగా కనబడును. వేడిమిచే వెలుగు ప్రతి వాయువునకును ఇట్టి గీతలు కొన్ని యుండును. ఒకదాని గీతలు వేఱొకదానికి రావు, వ్రేలిముద్రల వంటివి. కావున గీతలను చూచి పదార్థమును గుర్తింపవచ్చును.

ఆనాటి జ్వాలలలో ఉదజని గీతలు స్పష్టముగా కనబడినవి. అవి యెంత కాంతితో నుండెననగా, గ్రహణము లేకయే వీనిని చూడవచ్చునని జాన్సెనునకు తోచినది. మఱునాడే గుంటూరులో నిండుసూర్యుని వెలుగులో వానిని చూచి చూపించెను. ఇంగ్లండులో లాకియరు అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతి తెలియకయే అదే యుపాయమును అక్టోబరు 20వ తేదీన సాధించెను. ఇరువురి వార్తలును అక్టోబరు 26న పారిస్ శాస్త్రపరిషత్తులో ఒకేనాడు చదువబడినవి. ఫ్రెంచి ప్రభుత్వమువారు 1872లో ఇరువురి ముఖములతో ఒకే పతకము పోయించిరి.

ఉదజని గీతలతో పాటు పసుపురంగు గీత యొకటి కూడ ఆ జ్వాలలలో కనబడినది. పసుపు గీత యన్నంతనే పలువురు దానిని సోడియము గీతయే యనుకొనిరి. లాకియరు మాత్రము కొలిచి చూచెను. సోడియము గీతల స్థానములు 589.0, 589.6 నానోమీటర్లు, ఈ గీత స్థానము 587.6. రెండు నానోమీటర్లైనను లేని భేదము! నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. అయినను భేదము భేదమే. భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును ఆ గీత లేకపోవుటచే, ఇది సూర్యునియందున్న క్రొత్త మూలద్రవ్యమని యాయన తలచెను. గ్రీకుభాషలో సూర్యుని పేరునుబట్టి దానికి హీలియము అను పేరు వచ్చినది. హీలియమును గుంటూరులోనే కనుగొనిరని చెప్పుట వాడుకలో నున్నది. జాన్సెను దానిని క్రొత్త మూలద్రవ్యమని చెప్పలేదు. కాని ఆ వెదకులాటకు గుంటూరు దారి చూపినదనుట నిజము. లాకియరు మాటను చాలమంది నమ్మలేదు. సోడియము కాకున్న వేఱేమో యగునని యూరకుండిరి. అట్లు 27 సంవత్సరములు గడచినవి.

ఈలోపల వేఱొక చోట వేఱొక చిన్న తేడా తలయెత్తినది. ఇంగ్లండులో రేలీ ప్రభువు వాయువుల బరువులను మిక్కిలి శ్రద్ధతో తూచుచుండెను. గాలిలోనుండి ఆమ్లజని మొదలైనవానిని తీసివేయగా మిగిలిన నత్రజనిని ఒక గాజుబుడ్డిలో నింపి తూచగా సుమారు 2.310 గ్రాములున్నది. రసాయన పదార్థములనుండి పుట్టించిన నత్రజనిని అదే బుడ్డిలో అట్లే నింపి తూచగా 2.299 గ్రాములే యున్నది. రెండును నత్రజనియే, తేడా 11 మిల్లీగ్రాములు. మన యొక బియ్యపుగింజ బరువులో సుమారు సగము!

నెలాఖరున ఇంటిపద్దు చూచుకొను సోదరీమణులకు ఈ స్థితి బాగుగా తెలియును. వచ్చినది, ఖర్చయినది సరిచూచునప్పుడు ఒక్క రూపాయి తేడా వచ్చును. 'పోనిమ్ము' అని పుస్తకము మూయువారును కలరు. ఆ రూపాయి యెక్కడ నున్నదో తేలువఱకు నిదురపోనివారును కలరు. రేలీ ఈ రెండవ తెగకు చెందినవాడు. తనకు అర్థము కాలేదని సిగ్గుపడక 1892లో ఒక పత్రికకు జాబు వ్రాసి, రసాయన శాస్త్రజ్ఞుల సలహా యడిగెను. పిమ్మట విలియం రామ్సే ఆయనతో చేయి కలిపెను. రామ్సే గాలి నత్రజనిని కాలిన మెగ్నీషియముపై మఱల మఱల నడిపి, నత్రజని నంతయు దానిచేత పీల్పించెను. చివరకు కొంచెము వాయువు మిగిలినది. అది దేనితోను కలియలేదు. దాని గీతలు ఏ తెలిసిన పదార్థమునకును చేరలేదు. 1894 ఆగష్టులో ఈ క్రొత్త వాయువును లోకమునకు ప్రకటించిరి. ఏ పనియు చేయనిదను నర్థముతో, గ్రీకున దానికి 'ఆర్గాను' అను పేరు పెట్టిరి.

ఇందులో ఆశ్చర్యమేమనగా, ఈ సోమరివాయువును అంతకు నూఱేండ్లు మునుపే ఒకడు కంటితో చూచియుండెను. 1785లో కావెండిషు అను నాతడు గాలిలోనికి విద్యుత్ కణికలను పంపి నత్రజని నంతయు తీసివేయజూడగా, ఎంతసేపు శ్రమించినను ఒక చిన్న బుడగ మిగిలెను. అది మొత్తములో 120వ వంతునకు మించలేదు. ఆతడు దానిని నిజాయితీతో వ్రాసి పెట్టెను. చదివినవారు ఏదో పొరపాటనుకొని విడిచిరి. ఆ బుడగయే ఆర్గాను. మనము పీల్చు గాలిలో నూటికి 0.93 వంతులు అదియే.

పిమ్మటి కథ వడిగా నడిచినది. అమెరికాలో హిల్లెబ్రాండు అను రసాయనజ్ఞుడు యురేనియపు రాతినుండి ఒక వాయువును రాబట్టి, నత్రజని యని తలచి విడిచియుండెను. రామ్సే 1895లో అట్టి రాతినే తెప్పించి, వాయువును తీసి, గాజుగొట్టములో వెలిగించి చూచెను. 1868 నాటి పసుపుగీత కనబడినది! సూర్యునియందు మాత్రమే యున్నదనుకొన్న హీలియము భూమిమీదనే చేతికి చిక్కినది.

1898లో రామ్సేయు, ఆయన శిష్యుడు ట్రావర్సును గాలిని మిక్కిలి చల్లబఱచి ద్రవముగా చేసి, మెల్లమెల్లగా ఆవిరికానిచ్చి, భాగములను వేఱుచేసిరి. మే మాసమున క్రిప్టాను బయటపడినది, దాగియున్నదని దానికర్థము. జూను మాసమున ఆర్గానుకంటె తేలికైన మఱియొక వాయువు దొరికినది. గొట్టములో నింపి విద్యుత్తు పంపగనే గది యంతయు ఎఱ్ఱని వెలుగుతో నిండినది. ఆ దృశ్యము ఎన్నటికిని మఱవరానిదని ట్రావర్సు తరువాత వ్రాసెను. రామ్సే కుమారుడు అది చూచి, లాటిను భాషలో క్రొత్తదను నర్థమిచ్చు పేరు పెట్టుమనెనట. తండ్రి ఆ యర్థమునే యుంచి, గ్రీకుభాషలో 'నియాను' అనెను. జూలైలో జీనాను, అనగా అపరిచితుడు, వచ్చి చేరినది. రేడియమునుండి వెలువడు రాడాను తరువాత తెలియవచ్చినది. రామ్సేకు రసాయనశాస్త్రమునను, రేలీకి భౌతికశాస్త్రమునను 1904లో నోబెలు బహుమానములు లభించినవి. రామ్సే మన దేశమునకు తెలియనివాడు కాడు. జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞానమందిరమునకు తగిన స్థలము చూచుటకు 1900లో ఇక్కడికి వచ్చి, బెంగుళూరు మేలని చెప్పినవాడు ఆయనయే.

ఈ నియాను మనకు కొత్తది కాదు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తు గల గదిలోని గాలిలో అది దాదాపు ముప్పాతిక లీటరుండును. మనము ప్రతి శ్వాసతోను దానిని పీల్చి విడుచుచున్నాము. మనలో దేనితోను అది కలియదు, మనకు కీడును చేయదు.

ఇక అది వెలుగుటెట్లు? గాజుబుడ్డిలోని గాలిని తీసివేసి, నియానును అతి పలుచగా, అనగా మామూలు గాలి ఒత్తిడిలో నూఱింట ఒకటి రెండు వంతులు మాత్రమే నింపుదురు. లోపల ఎదురెదురుగా రెండు లోహపు ముక్కలుండును. వానికి తగిన వోల్టేజి తగిలించినప్పుడు, లోపల నున్న కొద్ది ఎలక్ట్రానులు వేగముగా పరుగిడి నియాను పరమాణువులను ఢీకొనును. దెబ్బతిన్న పరమాణువు కొంత శక్తిని గ్రహించి, వెంటనే దానిని వెలుగుగా విడిచిపుచ్చి మునుపటివలె నగును. గుడిగంటను ఎవరు కొట్టినను దాని నాదము దానిదే గదా! అట్లే ఏ పరమాణువు వెలుగు దానిదే. నియాను గంట నారింజకలిసిన ఎఱుపునే పలుకును. ఆర్గాను పలుచని ఊదారంగును, హీలియము లేతగులాబియు పసుపును కలిసిన వెలుగును, జీనాను నీలముతో కూడిన వెలుగును ఇచ్చును.

ఈ పనికి జడవాయువులే తగుటకు కారణమేమి? నియాను పరమాణువు వెలుపలి వరుసలో ఎనిమిది ఎలక్ట్రానులతో నిండుగా నుండును. ఒకరికి ఇచ్చునదియు, ఒకరియొద్ద పుచ్చుకొనునదియు లేదు. అందుచే వెలుగు సమయమున లోహమును తినివేయదు, గాజును పాడుచేయదు, తాను తఱిగిపోదు. దెబ్బలు తినుచు, వెలుగుచు, ఏండ్ల తరబడి అట్లే నిలిచియుండును. జడవాయువులు దేనితోను ఎన్నటికిని కలియవని మాత్రము చెప్పరాదు. 1962లో నీల్ బార్ట్‌లెట్టు జీనానును ఇతర మూలద్రవ్యములతో కలిపి చూపెను. నియాను మాత్రము తన పట్టు విడువలేదు.

దీనిని వీథిలోనికి తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు జార్జి క్లాదు. ఆయనది గాలిని ద్రవముగా చేసి ఆమ్లజనిని అమ్ము వ్యాపారము. ఆ పనిలో నియాను వృథాగా మిగిలిపోవుచుండెను. మిగిలినదానితో నేమి చేయుదమా యని యోచించి, పొడవైన గాజుగొట్టములలో నింపి, 1910 డిసెంబరులో పారిస్ మోటారు ప్రదర్శనమున పండ్రెండేసి మీటర్ల గొట్టములు రెండు వెలిగించెను. రెండేండ్లకు ఆ నగరములోనే ఒక క్షౌరశాలపై ఈ ఎఱ్ఱని అక్షరములు వెలసినవి. పిమ్మట లోకమందలి సినిమాశాలలు, హోటళ్లు, అంగళ్లు ఆ వెలుగుతో నిండినవి. అన్ని రంగుల గొట్టములను నియాను దీపములనుట వాడుకయైనది గాని, ఎఱుపు మాత్రమే నియానుది. నీలిరంగు గొట్టములో ఆర్గానుతో పాటు పాదరసపు ఆవిరి యుండును. మిగిలిన రంగులు గాజునకు లోపల పూసిన పూతలవలన వచ్చును. ఇప్పుడు అంగళ్లపై నియానను పేర వెలుగుచున్న మెత్తని ప్లాస్టికు తీగలు చాలవఱకు ఎల్.ఇ.డి. దీపములే, వానిలో ఏ వాయువును లేదు.

వీథి మాట యట్లుండగా, మన యిండ్లలో ఈ కుటుంబమువారు ఎంతకాలమునుండియో కాపురమున్నారు. పాత కన్నపు బల్బులో తీగ కాలిపోకుండ కాచినది ఆర్గాను. ట్యూబులైటులో పాదరసపు ఆవిరికి తోడుండి వెలుగు ప్రారంభించునది ఆర్గానే. స్విచ్చిబోర్డుపై విద్యుత్తు ఉన్నదని తెలుపు నారింజరంగు చిన్న దీపము పలుచోట్ల నియానే. టెస్టరులోనిదియు అదియే.

ఇప్పుడు మన సోదరి ప్రశ్నకు వచ్చెదము. అమ్మా, మీ సందేహము సరియైనదే. ఆ విద్యుత్తు మీ దేహము గుండనే పోవుచున్నది. తీగనుండి టెస్టరు మొనకు, అందుండి ఒక నిరోధమునకు, దానినుండి నియాను బుడ్డికి, బుడ్డినుండి తలపైనున్న లోహపు బిళ్లకు, బిళ్లనుండి మీ వ్రేలికి, మీ దేహమునుండి నేలకు చేరును. వ్రేలు తీసినచో దారి తెగును, దీపమారును. అయినను మీకు దెబ్బ తగులకపోవుటకు ఆ నిరోధమే కారణము. అది సామాన్యముగా పదిలక్షల ఓములుండును. మన యిండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు దానిని దాటి పోవునప్పటికి ఒక మిల్లీయాంపియరులో నాలుగవ వంతునకు మించదు. అంత స్వల్పమును మన చర్మము గుర్తింపజాలదు. నియాను మాత్రము గుర్తించి వెలుగును. ఆ యల్పమునకు వెలుగుటయే దాని గొప్ప.

మా తోడికోడలి విషయమున జరిగినదేమో ఇప్పుడు తెలియుచున్నది గదా! ఎండిన చెక్క స్టూలు, రబ్బరు చెప్పులు నేలకు పోవు దారిని దాదాపు మూసివేసినవి. అందుచే నియానునకు అందిన విద్యుత్తు మఱింత తగ్గి, వెలుగు మినుకుగా మాఱినది. ఎదుటి యెండలో ఆ మినుకు కంటికి ఆనలేదు. తడిగోడను తాకినంతనే దారి తెఱచుకొన్నది. ఈసారి మధ్యలో నిరోధము లేదు.

కావున సోదరీమణులు ఈ క్రింది సంగతులను మఱవకుందురు గాక. టెస్టరును వాడుటకు ముందు విద్యుత్తు ఉన్నదని నిశ్చయముగా తెలిసిన చోట తాకించి, అది పనిచేయుచున్నదో లేదో చూడవలెను. పని యైన పిమ్మట మఱల అట్లే చూడవలెను. ఎండలో చూడక, చేతిని అడ్డముంచి నీడలో చూడవలెను. వ్రేలు తలపై బిళ్లమీదనే యుండవలెను గాని మొనవైపు లోహమును తాకరాదు. చేయి తడిగా నున్నను, టెస్టరు పగిలినను, తడిసినను వాడరాదు. మినుకు ఎంత సన్ననిదైనను విద్యుత్తు ఉన్నదనియే యెంచవలెను. వెలుగు అసలే రాకున్నను అది లేదనుటకు చాలిన సాక్ష్యము కాదు. స్విచ్చిని నమ్మరాదు, మెయిన్ స్విచ్చి ఆపిన పిమ్మటనే తీగను తాకవలెను. స్విచ్చులన్నియు ఫేజు తీగకే యున్నవో లేవో తెలిసినవానిచేత ఒకసారి చూపించుకొనవలెను. 30 మిల్లీయాంపియర్లు నేలకు జాఱినంతనే విద్యుత్తును తెంచు ఆర్.సి.సి.బి. అను సాధనము ఇంటింట నుండుట మేలు. దానిపైనున్న పరీక్షమీటను అప్పుడప్పుడు నొక్కి చూచుచుండవలెను. ఎవరైనను విద్యుత్తునకు చిక్కినచో ముందు మెయిన్ స్విచ్చి ఆపవలెను గాని, తొందరలో వట్టి చేతులతో వారిని పట్టుకొనరాదు.

మా తోడికోడలి మణికట్టు నయమైనది. ఆమె మరమ్మతులు మానలేదు, మానుమని మేమును చెప్పలేదు. ఇప్పుడు మాత్రము ఆమె స్టూలెక్కుటకు ముందు మెయిన్ స్విచ్చి యొద్దకు నడచును. మొన్న మా చిన్నవాడు టెస్టరులో నేమున్నదని యడుగగా, కిటికీతలుపు మూసి, వాని కన్నులకు నీడపట్టి, తెలిసిన చోట తాకించి ఆ ఎఱ్ఱని వెలుగును చూపించినది. వాడు "పిన్నీ, ఇంత చిన్నదా!" అనినాడు. "చిన్నదే, కాని చూడవలసినది అదియే" అని యామె చెప్పినది.

జాబు వ్రాసిన సోదరి ఈ పుటను తమ యింటివారిచేత కూడ చదివించెదరుగాక. ఈసారి వారు అవతలికి జరుగుమన్నచో, "మీ స్విచ్చి ఫేజుపై నున్నదా, న్యూట్రలుపై నున్నదా?" అని యడిగి, సమాధానము వచ్చువఱకు అక్కడనే నిలుచుందురు గాక. సోదరీమణుల యిండ్లలో ఇట్టి సందేహములు మఱియేవైన నున్నచో మాకు వ్రాయ ప్రార్థన.